చిరునామా చివర ఏముంది?

(కర్నూలులో జరిగిన మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో నిన్నటి నుంచీ మనం గృహహింస గురించీ, పట్టాలో భార్య పేరు గురించీ, కూలి రేట్ల గురించీ మాట్లాడుకుంటున్నాం. వాటి మధ్యలో "ఇంటర్నెట్ చిరునామాలు" అనే అంశం చూసి మీలో కొందరు నవ్వారు. పొద్దున టీల దగ్గర ఒకామె నన్ను సూటిగా అడిగింది కూడా: "మేడమ్, మా ఊర్లో తాగేదానికి నీళ్ళు లేవు, ఈ డాట్ కామ్‌లు మాకేం చేసుకునేదానికి?" న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పలేకపోతే ఇక్కడ నిలబడి మీ గంటసేపు తీసుకునే హక్కు నాకు లేదు. అంచేత సిద్ధాంతంతో కాకుండా ఒక మనిషితో మొదలుపెడతాను.

కోసిగి వైపు ఒక ఊరు. ఆమె పేరు చెప్పను. వయసు నలభై అయిదు దాకా ఉంటుంది. మూడెకరాల మెట్ట. వాన పడితే పత్తి, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే పడమటి మండలాల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కడప నుంచి వచ్చిన వాళ్ళ కోసం చెబుతున్నాను: ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోవడం. ఆమె పదిహేనేళ్ళుగా పొదుపు సంఘంలో సభ్యురాలు. ఒక్క కంతు తప్పలేదు. రెండేళ్ళ కిందట సుగ్గిలో ఉండగా ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. మీ ఖాతా ఈ రాత్రికి ఆగిపోతుంది, కింద నొక్కి వివరాలు ఇవ్వండి అని. పదో తరగతి చదివే కొడుకు చదివి చెప్పాడు. బ్యాంకు పేరు ఉంది, నొక్కారు. అడిగిన నెంబర్లన్నీ ఇచ్చారు. పద్దెనిమిది వేల చిల్లర పోయింది. అందులో సంఘం అప్పు కొంత, రెండు నెలల కోత కూలి కొంత.

పోయిన సంగతి తెలిసింది తొమ్మిది రోజులకు, ఊరికి తిరిగొచ్చి బ్యాంకుకు పోయినప్పుడు. ఏ బ్యాంకో ఇక్కడ అనవసరం. అక్కడి ఉద్యోగి అన్న మాట మాత్రం చెబుతాను: "చదువు రానిదానివి ఎందుకు నొక్కావమ్మా?" ఇంటికొస్తే మొగుడు కొట్టాడు. సంఘంలో తక్కిన వాళ్ళు, నీ ఒక్క కంతు వల్ల మా అందరి అప్పూ ఆగిపోతుందని సాధించారు. నేను కలిసినప్పుడు ఆమె ఏడవలేదు. ఒక్క మాట అడిగింది: "నేనేమన్నా కండ్లు మూసుకోని నొక్కినానామ్మా? బ్యాంకు పేరు ఉండాదంటేనే గదా నొక్కింది?"

ఆ మెసేజి ఇంకా ఫోనులో ఉంది. తీసి చూశాను. బ్యాంకు పేరు నిజంగానే ఉంది, చిరునామా మొదట్లో. చివర ఇంకేదో ఉంది. నిజాయితీగా ఒప్పుకుంటున్నాను, డాక్టరేటు ఉన్న నేను కూడా అంతకుముందు ఏ రోజూ చిరునామా చివర ఏముందో చూసిన దాన్ని కాదు. ముందు పేరు చూసి నమ్మేదాన్ని. ఆ రోజు నుంచే ఈ విషయం తెలుసుకోవడం మొదలుపెట్టాను.

చిరునామాను ఎటు నుంచి చదవాలి?

ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు పేరు ముందు రాస్తాం. తర్వాత వీధి, ఊరు, మండలం, చివర జిల్లా. కానీ ఉత్తరాలు వేరుచేసే పోస్టు ఉద్యోగి చదివేది కింద నుంచి. జిల్లా తెలిస్తేనే సంచిలో పడుతుంది. "లక్ష్మీదేవి" అనే పేరు వెయ్యి ఊళ్ళల్లో ఉంటుంది. ఏ లక్ష్మీదేవో చెప్పేది చివరి పంక్తే.

ఇంటర్నెట్ చిరునామా సరిగ్గా ఇంతే. మాటకూ మాటకూ మధ్య చుక్క ఉంటుంది, దాన్నే డాట్ అంటాం. చివరి చుక్క తర్వాత ఉండే డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఆర్గ్ వంటి మాట ఆ చిరునామా ఎవరి పరిధిలో ఉందో చెబుతుంది. ముందు భాగంలో ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. పేరున్న బ్యాంకు పేరు తగిలించుకోవడానికి దొంగకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2013కి ముందు దేశాల గుర్తులు కాక, అందరికీ తెలిసిన డాట్ కామ్ లాంటి చివరి మాటలు ప్రపంచం మొత్తానికి ఇరవై రెండే. ఈ పేర్ల వ్యవస్థను నడిపే ఐకాన్ అనే సంస్థ 2011 జూన్‌లో సింగపూర్‌లో సమావేశమై, కొత్త చివరి మాటలకు తలుపులు తెరిచింది. 2012లో దరఖాస్తు రుసుము 1,85,000 డాలర్లు. అంత డబ్బు కట్టి 1,930 దరఖాస్తులు వచ్చాయి. 2013 అక్టోబరు నుంచి ఒక్కొక్కటిగా వచ్చి, ఇప్పటికి పన్నెండు వందలకు పైగా చేరాయి. డాట్ ఆన్‌లైన్, డాట్ షాప్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటివి. తర్వాతి విడతకు 2026ను ఖరారు చేసి, రుసుము 2,27,000 డాలర్లుగా ప్రకటించారు. అంటే ఈ చివరి మాటలు ఇంకా పెరుగుతాయి.

వ్యాపారులకు ఇది కొత్త అంగడి. మనకు మాత్రం, పల్లెలో ముక్కూమొహం తెలియని వాళ్ళు ఒక్కసారిగా వచ్చి దిగినట్టు. ఎవరు ఎవరి తాలూకో తెలియదు. కొన్ని వందల రూపాయలు కడితే ఎవరైనా ఒక చిరునామా కొనుక్కోవచ్చు. మన కోసిగి అక్కకు వచ్చిన మెసేజి అలా కొన్న చిరునామా నుంచే వచ్చింది.

2025లో మారిన రెండు పేర్లు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2025లో రాయలసీమ స్త్రీల బ్యాంకు లావాదేవీల్లో రెండు మార్పులు వెంటవెంటనే వచ్చాయి.

మొదటిది మనకు కనిపించిన మార్పు. రాయలసీమ గ్రామీణ బ్యాంకు అన్న పేరు మీలో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. 2006లో అది నెల్లూరు వైపు పినాకిని, అనంతపురం వైపు శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. ప్రధాన కార్యాలయం కడపలోనే ఉండేది. 2025 మే 1న "ఒక రాష్ట్రానికి ఒక గ్రామీణ బ్యాంకు" అన్న కేంద్ర నిర్ణయం ప్రకారం అది కూడా పోయింది. రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపి, అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. ఎన్నో సంఘాలకు మొదటి అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు మారిపోయింది.

రెండోది కనిపించని మార్పు. 2025 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన చేసింది. మోసాలు పెరిగిపోతున్నాయి గనుక, మన దేశంలోని బ్యాంకులకు మాత్రమే ప్రత్యేకంగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపు ఇస్తామంది. ఏప్రిల్ 22న ఆదేశం ఇస్తూ, అక్టోబరు 31 లోపల బ్యాంకులన్నీ ఈ కొత్త చిరునామాకు మారాలని గడువు పెట్టింది. బ్యాంకులు కాని ఆర్థిక సంస్థల కోసం డాట్ ఫిన్ డాట్ ఇన్ అనేదాన్ని కూడా ప్రకటించింది. ఈ బ్యాంక్ డాట్ ఇన్ పేర్లు ఇచ్చే అధికారం ఉన్నది ఒకే ఒక్క సంస్థకు. అది మన హైదరాబాదులోనే ఉంది. 1996లో రిజర్వు బ్యాంకు పెట్టిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ, ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కాని వాళ్ళకు ఆ పేరు ఇవ్వదు. కొన్ని వందల రూపాయలకు అంగట్లో దొరకదు. దీనిలోని విలువ అదే.

ఇది మంచి మార్పు. నేను దీన్ని విమర్శించడానికి రాలేదు. నా ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరికి చెప్పారు?

నేను ఈ ఏడాది కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో తిరిగిన సంఘాల్లో ఈ మాట అడుగుతూ వచ్చాను. బ్యాంకు పేరు మారిందని దాదాపు అందరికీ తెలుసు. చిరునామా ముగింపు మారిందని చెప్పిన మనిషి ఒక్కరు కూడా తగల్లేదు. ఆశ్చర్యమేముంది? 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. మగవాళ్ళు నూటికి దాదాపు 49 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోను ఇంట్లో ఉండటం వేరు, ఆమె చేతిలో ఉండటం వేరు. ఖాతా ఆమెది, ఆధార్ ఆమెది, అప్పు ఆమెది. ఫోను కొడుకుది, రీచార్జి మొగుడిది. పేరు మారినప్పుడు పుట్టే అయోమయం దొంగకు పంట లాంటిది. బ్యాంకు పేరు మారింది, వివరాలు మళ్ళీ ఇవ్వండి అని మెసేజి పెడితే నమ్మకుండా ఉండేదెలా, నిజంగానే పేరు మారినప్పుడు?

కట్టె, గుమ్మం

మరి ఇంగ్లీషు అక్షరాలు రాని వాళ్ళకు ఇది ఎలా చెప్పాలి? మైదుకూరు దగ్గర ఒక సంఘం సమావేశంలో నేను పుస్తకం పద్ధతిలో చెప్పబోయి విఫలమయ్యాను. పది నిమిషాల్లో సగం మంది కొంగు అడ్డం పెట్టుకుని ఆవలించారు. అప్పుడు బండ మీద ముగ్గుపిండితో పెద్దగా రాశాం. ఫలానా అనే బ్యాంకు ఉందనుకుందాం. "ఫలానా డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ఇంగ్లీషులో. చివరి రెండు అక్షరాలను చూసి ఒక పెద్దావిడ అంది: "ఇది కట్టె, నెత్తిన చుక్క. ఇది గుమ్మం." నిజమే, ఐ కట్టెలా, ఎన్ గుమ్మంలా ఉంటాయి. ఆ తర్వాత నేను చెప్పాల్సిన పని తక్కువైంది. వాళ్ళే మూడు గుర్తులు తయారుచేశారు. వాటినే మీకు ఇస్తున్నాను.

ఒకటి, చివర నుంచి చదవాలి. చుక్క, కట్టె, గుమ్మం ఉండాలి. గుమ్మం తర్వాత ఏమీ ఉండకూడదు, లేదా ఒక ఏటవాలు గీత ఉండొచ్చు. ఆ గీత తర్వాత ఏమున్నా ఫరవాలేదు, అది ఇంట్లోని గదులు. కానీ గుమ్మం పక్కనే ఇంకో చుక్కో, అడ్డగీతో వచ్చి మళ్ళీ మాటలు ఉన్నాయంటే అది మన ఇల్లు కాదు. "ఫలానా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్" అని ఇంకేదో ఉంటే, అది ఆ చివరి మాట వాళ్ళది.

రెండు, బ్యాంక్ అనే మాటకు ముందు చుక్క ఉండాలి. అడ్డగీత కాదు, ఖాళీ లేకుండా అతికించిన మాట కాదు. "ఫలానా అడ్డగీత బ్యాంక్ డాట్ ఇన్" అనేది ఎవరైనా కొనగలిగిన పేరు. చుక్కకూ గీతకూ మధ్య తేడాలోనే మన డబ్బు ఉంది.

మూడు, తాళం బొమ్మను చూసి నమ్మొద్దు. మీరు పంపే మాటను దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. దొంగ ఇంటికీ తాళం ఉంటుంది.

పరిమితి కూడా చెప్పాలి, లేకపోతే మనమే కొత్త మూఢనమ్మకాన్ని పంచినవాళ్ళం అవుతాం. ఈ ముగింపు వెబ్‌సైటు చిరునామాకే రక్షణ. ఫోను చేసి "మేనేజర్ని మాట్లాడుతున్నా" అనేవాడి గొంతుకు చివర చుక్క ఉండదు. వాట్సాప్‌లో ప్రభుత్వ పథకం పేరుతో వచ్చే ఫైలును ఫోనులో ఎక్కించుకుంటే ఏ చిరునామా కాపాడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న పాత పాఠం పాతదై పోలేదు.

"జాగ్రత్త" ఎవరు పడాలి?

ఇక్కడ ఆగితే ఇది బ్యాంకు వాళ్ళు చేసే అవగాహన సదస్సు అవుతుంది. మనం స్త్రీల హక్కుల గురించి పనిచేసే వాళ్ళం గనుక ఇంకో అడుగు వెయ్యాలి.

స్త్రీలకు మన సమాజం ఎప్పుడూ ఇచ్చే సలహా ఒకటే, జాగ్రత్తగా ఉండు. చీకటి పడ్డాక బయటికి పోవద్దు, మొగుడికి కోపం తెప్పించొద్దు, లింకు నొక్కొద్దు. ఏదైనా జరిగితే మొదటి ప్రశ్న ఆమెకే. కోసిగి అక్కను "ఎందుకు నొక్కావు" అన్న బ్యాంకు ఉద్యోగి మాటలోనూ, కొట్టిన మొగుడి చేతిలోనూ ఉన్నది ఒకే న్యాయం.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా తరగతుల్లో సారా మీద ఒక కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం విన్న దూబగుంట ఆడవాళ్ళు, "మన మగవాళ్ళు తాగకుండా చూసుకుందాం" అని ఊరుకోలేదు. సారా అమ్మేదెవరు, పాట పెట్టేదెవరు అని అడిగారు. ఆ ప్రశ్న సీమకూ వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. అవగాహన అంటే అది. తన జాగ్రత్తతో ఆగిపోక, బాధ్యుల్ని అడిగే దాకా పోవడం.

ఈ విషయంలో అడగడానికి మన చేతిలో కొంత ఆధారం ఉంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు, ఖాతాదారు అనుమతి లేకుండా జరిగే ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద ఆదేశం ఇచ్చింది. బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే ఖాతాదారు మీద భారం లేదు. తప్పు బ్యాంకుదీ, ఖాతాదారుదీ కాక మూడోవాళ్ళదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే భారం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే భారానికి హద్దు ఉంది. రహస్య వివరాలు ఇచ్చేయడం లాంటి నిర్లక్ష్యం ఖాతాదారుదైతే, ఫిర్యాదు చేసేదాకా పోయింది ఖాతాదారుది, చేసిన తర్వాత పోయింది బ్యాంకుది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట, తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీద పెట్టింది.

ఒక సామాజిక శాస్త్ర విద్యార్థినిగా నన్ను ఆపిన మాట "నిర్లక్ష్యం". ఆమెకు రాని లిపిలో చిరునామా పెట్టి, ఆ చిరునామా మారిన సంగతి ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పకుండా, ఆమె చేతిలో లేని ఫోనుకు మెసేజి పంపి, చివరికి నిర్లక్ష్యం ఆమెది అంటే ఎలా? సుగ్గిలో ఉన్న మనిషికి మూడు పనిదినాలు ఏం సరిపోతాయి? ఈ ప్రశ్నలు బ్యాంకు మేనేజర్ల ముందూ, సంఘాల సమాఖ్య సమావేశాల్లోనూ రాతపూర్వకంగా పెట్టాలి.

తెలుగులో చిరునామా

లిపి మాట వచ్చింది గనుక ఒక సంగతి. తెలుగు అక్షరాల్లో చిరునామా సాధ్యం కాదని చాలామంది అనుకుంటారు. సాధ్యమే. మన దేశం కోసం "భారత్" అనే ముగింపును తెలుగుతో సహా ఏడు లిపుల్లో 2011లోనే ఐకాన్ ఆమోదించింది. దేవనాగరిలో 2014 ఆగస్టు 27న వాడకంలోకి వచ్చింది, తక్కిన భాషలు తర్వాత వచ్చాయి. 2016 నవంబరు 3 నుంచి 9 దాకా ఐకాన్ ప్రపంచ సమావేశం హైదరాబాదులోనే జరిగింది. ఆ సమావేశం జరుగుతుండగానే నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు ప్రకటించారు. ఒకవైపు మన రాజధానిలో ఇంటర్నెట్ పేర్లు ఎవరివో చర్చ, ఇంకోవైపు పల్లెల్లో ఆడవాళ్ళు బియ్యం డబ్బాల్లో దాచుకున్న నోట్లు చెల్లకుండా పోవడం. ఆ తర్వాతే మనల్ని ఫోను చెల్లింపుల వైపు తోశారు. కానీ ఫోనులో ఉన్న చిరునామాను మన అక్షరాల్లోకి తెచ్చే పని మాత్రం ఎవరూ తొందరగా చెయ్యలేదు. చట్టం ఉంది, సాంకేతికత ఉంది, వాడకం లేదు. మన దేశంలో స్త్రీల హక్కులకు ఇది కొత్త కథ కాదు.

మన సంస్థల చిరునామా ఎవరి పేరున ఉంది?

ఇక్కడున్న స్వచ్ఛంద సంస్థల వాళ్ళకు ఒక మాట. నిన్న భూమి పట్టాలో స్త్రీ పేరు ఉండాలని తీర్మానం చేశాం. మీ సంస్థ వెబ్‌సైటు పట్టా ఎవరి పేరున ఉందో ఎప్పుడైనా చూశారా? నేను సలహాదారుగా ఉన్న ఒక చిన్న మహిళా సంస్థలో, సైటు తయారుచేసిన కుర్రాడే దాన్ని తన పేరున నమోదు చేసుకున్నాడు. ఏటేటా కట్టాల్సిన రుసుము ఒక ఏడు ఎవరూ కట్టలేదు. కుర్రాడు ఊరు మారాడు. చిరునామా గడువు తీరి వేరేవాళ్ళ చేతికి పోయింది. మా కరపత్రాల మీద అచ్చయిన ఆ చిరునామా కొడితే జూదం ఆట తెరుచుకునేది. గృహహింస నుంచి సాయం కోసం వెతుక్కునే ఆడపిల్ల అక్కడికి పోయి ఉంటే? తప్పు కుర్రాడిది మాత్రమే కాదు, అడగని మాది కూడా.

ఇది ఒక్కొక్క సంస్థ జాగ్రత్తతో తేలేది కూడా కాదు. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా వాడే డాట్ ఆర్గ్ ముగింపును నడిపే లాభాపేక్ష లేని సంస్థను, 2019 నవంబరులో ఎథోస్ క్యాపిటల్ అనే ప్రైవేటు పెట్టుబడి కంపెనీకి 113 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మబోయారు. ప్రపంచమంతటా స్వచ్ఛంద సంస్థలు వ్యతిరేకించాయి. ధరలు పెంచితే, నచ్చని గొంతులను నొక్కితే దిక్కెవరని అడిగాయి. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి అనుమతి నిరాకరించింది. అడిగితే ఆగుతుందని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాను.

చేయాల్సిన పనులు

ముగించే ముందు, ఇక్కడి నుంచి పోయాక చేయగలిగిన పనులు నాలుగు.

మీ సంఘాల వచ్చే సమావేశంలో అరగంట ముగ్గుపిండికి ఇవ్వండి. కట్టె, గుమ్మం రాయించండి. ఫోను ఉన్నవాళ్ళతో వాళ్ళ బ్యాంకు అసలు చిరునామా వెతికించి, చివర నుంచి చదివించండి. ఇంట్లో ఫోను పట్టుకునే కొడుకులనూ, కూతుళ్ళనూ పిలవండి.

మీ బ్యాంకు శాఖకు అర్జీ పెట్టండి. కొత్త చిరునామా పూర్తిగా, పెద్ద అక్షరాల్లో, తెలుగు వివరణతో శాఖ గోడ మీదా, సంఘాల పాసుపుస్తకం మీదా ఉండాలని. గ్రామీణ బ్యాంకు పేరు మారిన ప్రాంతాల్లో ఇది మరీ అవసరం.

డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకమో, నెంబరో తీసుకోవాలి. ఆమెను ఒంటరిగా పంపకండి. పోలీసు స్టేషనుకు మనం తోడు పోయినట్టే బ్యాంకుకూ తోడు పోవాలి.

మీ సంస్థ చిరునామా ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పుడు తీరుతుందో ఈ వారంలో చూడండి. సంస్థ పేరుకు మార్పించండి.

పొద్దున టీ దగ్గర అడిగిన చెల్లెలికి నా జవాబు ఇదే. మీ ఊరికి నీళ్ళు రావాలని మనం కొట్లాడతాం. ఆ నీళ్ళు లేకనే సుగ్గికి పోయి తెచ్చుకున్న కూలి డబ్బు ఒక చుక్క తేడాతో పోకుండా చూసుకోవడం కూడా ఆ కొట్లాటలో భాగమే.

కోసిగి అక్క డబ్బు ఇంకా రాలేదు. నెమ్మదిగా, కంతులు కట్టి సంఘం అప్పు తీర్చింది. పోయిన నెల కలిసినప్పుడు ఫోను నా ముందు పెట్టి, కొత్తగా వచ్చిన మెసేజి చూపించింది. వేలు చివరి అక్షరాల మీద పెట్టి అంది: "గుమ్మం లేదమ్మా. వీడు మనోడు కాదు." ఆ తర్వాత నన్ను అడిగింది: "ఇది నాకు ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పాల్సిన వాళ్ళ దగ్గరికి ఆ ప్రశ్నను మనమే తీసుకుపోవాలి.